కూతవేటు

బీషోలో, ఆఫీసు గోడ మీది పటంలో
మా ఊరికీ మా బడికీ మధ్య
ఎవరో స్కేలు పెట్టి గీత గీశారు.
నాలుగు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు.
అయిదు దాటితేనే బస్సు.
"కూతవేటు దూరమేగా" అన్నాడు ఫోన్లో గుమాస్తా.

ఆ గీత కింద కొండ ఉంది, ఏరు ఉంది,
పైన్ తోట చుట్టూ ముళ్ల కంచె ఉంది.
గీతకి బూట్లు లేవు కాబట్టి తడవవు.

ఖాన్యిసా వాళ్ల తాత సైకిలుకి
ముందు చక్రం ఊడదీశాడు ల్వాండిసో.
రిమ్ముకి ఎర్ర ఊలుదారం కట్టాడు.
ఒక చుట్టు, రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు.
మార్చి నుంచీ మాకు లెక్కల టీచరు లేడు,
అందుకే మూడుసార్లు కొలిచాం.
దారం పైకొచ్చినప్పుడల్లా లెక్కపెట్టడం నా పని.
వందకి ఒక మొక్కజొన్న గింజ
కుడి జేబులోంచి ఎడమ జేబులోకి.

శనివారం, ఇంకా చీకటి.
పదకొండో గ్రేడు వాళ్లం నలుగురం,
వద్దన్నా వెంటపడిన మా చెల్లెలు లుతో.
దానికి ఏడేళ్లు. ఒకటో గ్రేడు నుంచీ ఇదే దారి.
దారిలో ఎవరూ నాతో మాట్లాడకూడదని ఒట్టు.
రెండువేల నూటపన్నెండు దగ్గర లుతో
"అక్కా, మేక!" అంది.
వెనక్కి, ఆఖరి గింజ మార్చిన రాయి దాకా
అందరం తిట్టుకుంటూ నడిచాం.

ఏట్లో చక్రం దొర్లలేదు.
ఆ పదకొండు మీటర్లూ వదిలేశాం.
పోనీలే, అవి గవర్నమెంటుకి మా కానుక, అంది అవేతు.

ముప్ఫై అయిదు గింజలు. పైన డెబ్భై అయిదు చుట్లు.
ఏడు కిలోమీటర్ల నాలుగువందలు.
ఆ రాత్రి అదే కాగితం పద్దెనిమిదిసార్లు రాశాం,
జెరాక్సుకి డబ్బుల్లేక.

ఆరు నెలలు ఏ కబురూ లేదు.
తర్వాత మేం రెండువందల మందిమి యూనిఫారాల్లో వెళ్లి
ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని
హోంవర్క్ చేసుకున్నాం. నినాదాలు లేవు.
పెన్సిళ్ల చప్పుడుకే కిటికీలు తెరుచుకున్నాయి.

గుమాస్తా వచ్చాడు చివరికి, మెరిసే బూట్లతో.
మంచివాడే, పాపం, నీళ్ల సీసా కూడా తెచ్చుకోలేదు.
ఏటి దగ్గర బూట్లు విప్పి నెత్తిన పెట్టుకోవడం
లుతోయే నేర్పింది అతనికి.
కొండ సగంలో ఆగి, మోకాళ్లు పట్టుకుని
"ఇంకెంత దూరం?" అన్నాడు.
మేం ఎవరం ముందుగా అనుకోలేదు,
నలుగురి నోటా ఒకేసారి వచ్చింది:
"కూతవేటు దూరమే సార్."
అతను నవ్వలేదు. బడి వైపు చూసి
నిజంగానే ఒక కూత వేశాడు.
కొండ దాన్ని మింగేసింది.

బస్సు వచ్చింది. తెల్లది, ఒక అద్దం పగిలింది.
మొదటిరోజు లుతో సీట్లో కూర్చోలేదు,
కిటికీ పట్టుకుని నిలబడే ఉంది
దాటిపోతున్న ప్రతి రాయికీ పేరు చెబుతూ.

కథ ఇక్కడ ఆపెయ్యొచ్చు. రేడియో వాళ్లు ఆపేశారు.

కానీ అవతలి కొండ వాళ్లు చక్రం అడిగారు.
ఖాన్యిసా పట్టింది, నేను లెక్కపెట్టాను.
నాలుగు కిలోమీటర్ల ఎనిమిదివందల ముప్ఫై.
మళ్లీ కొలిచాం. అంతే.
వంకర దారిన దొర్లిస్తే అయిదు దాటుతుందని
అక్కడి పెద్దాయనొకరు మెల్లగా అన్నాడు.
ల్వాండిసో చాలాసేపు ఎర్రదారం వైపు చూసి
తల అడ్డంగా ఊపాడు.
చక్రం అబద్ధమాడితే మా గింజలన్నీ అబద్ధమే.

ఆ రాత్రి నిద్రపట్టక అడిగాను లుతోని,
నూటడెబ్భై మీటర్లకి నీ అడుగులు ఎన్నని.
అది లేచి, దుప్పటి కప్పుకునే,
వాకిట్లో వెన్నెల్లో నడిచి చూపించింది.
పెద్దవాళ్ల ఒక అడుగుకి దానివి రెండు.
మరి ఆ అయిదు
ఎవరి కాళ్లతో కొలిచారు?

కొత్త కాగితం మొదటి వాక్యం అదే.
ఈసారి పటం గురించి కాదు, రూలు గురించి.
రేపు పద్దెనిమిది ఊళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలు వస్తారు.
ఒక్కొక్కరి జేబులో గుప్పెడు మొక్కజొన్న.
మా పని వాళ్ల పక్కన నడవడం,
మేక కనిపించినా
నోరు మెదపకుండా.