నలభై తొమ్మిదో ఏట ఈల

మొదట్లో ఒట్టి గాలే వచ్చేది.
వేడి కాఫీ ఊదుకుంటున్నట్టు
ఫూ... ఫూ...
మూడు వారాలు అదే వరస.

పై వాటాలో ఉండే ఇన్బా నా గురువు. ఏడేళ్ళు.
నాలుక ఎక్కడ ఆనాలో
పెదాలు ఎంత సున్నా చుట్టాలో
వేలు ఊపుతూ చెబుతాడు.
కానీ ముందు పళ్ళు రెండూ ఊడగొట్టుకుని కూర్చున్నాడు,
శాస్త్రమంతా వచ్చు, ఈలే రాదు.
పెరంబూరు మేడ మీద, తడి దుప్పట్ల మధ్య
గురువూ శిష్యురాలూ ఎదురెదురుగా నిలబడి
ఒకరి మొహాన ఒకరు తుంపర్లు చల్లుకుంటాం.

"ఆడపిల్ల ఈలేస్తే ఇంట్లోకి పాములొస్తాయే"
అనేది మా నాయనమ్మ.
నెల్లూరు నుంచి ఈ ఊరికి ట్రంకు పెట్టెతో పాటు
ఆ మాటనీ మోసుకొచ్చింది.
మా అమ్మ నోరు మూసుకుంది, నేనూ మూసుకున్నాను.
ఇన్నేళ్ళూ మా ఇంటి ఆడవాళ్ళందరి తరఫున
కుక్కరే ఈల వేసింది.

ఈమధ్య లెక్క వేసి చూశాను.
మా మూడో అంతస్తుకి పాము రావాలంటే
గేటు దగ్గర మునుస్వామి నోటుపుస్తకంలో
పేరు, ఫోన్ నంబరు, ఎవరింటికో రాసి,
లిఫ్టు పాడైంది కనక
కాళ్ళు లేకపోయినా మెట్లెక్కి రావాలి.
అంత శ్రమపడి వస్తే
పాలేం ఖర్మ, డికాక్షన్ కాఫీయే ఇస్తాను.

ఎందుకిదంతా అంటే ఏం చెప్పను?
జీతం పెరగదు. మోకాలి నొప్పి తగ్గదు.
బ్రాడ్వే బస్సులో కండక్టరు
నోటితో ఒక్క ఈల వేస్తే
అంత పెద్ద బస్సూ ఆగిపోతుంది,
రెండు వేస్తే కదుల్తుంది.
కడ్డీ పట్టుకుని వేలాడుతూ
ఒకరోజు ఆ పెదాల వంకే చూస్తున్నాను.
"ఏమ్మా, దిగాలా?" అన్నాడు.
లేదు, నేర్చుకుంటున్నాను అనబోయి
ఏ వైపు తల ఊపానో, బస్సు ఆపేశాడు.
దిగక తప్పలేదు.
రెండు స్టాపులు నడిచాను,
దారంతా ఫూ... ఫూ...

వచ్చింది మాత్రం ఒక మంగళవారం, కొట్లో.

ఆండర్సన్ వీధిలో శుభలేఖలకి
తెలుగు ప్రూఫులు దిద్దడం నా పని.
విరిగిన కొమ్ములు అతికిస్తాను,
జారిపోయిన సున్నాలు ఏరి పెడతాను.
ఏటా వెయ్యి పెళ్ళిళ్ళు నా ఎర్ర పెన్ను కింద దూరి వెళ్తాయి,
ఒక్కళ్ళూ భోజనానికి పిలవరు.
ఆ రోజు కార్డులో
"బంధుమిత్ర సపరివారంగా" అన్న చోట
ధ కింద గీత ఎగిరిపోయి
"బందు" అని పడింది.
మొత్తం చుట్టాలకే బందు ప్రకటించేశారు!
నాలో నేను నవ్వుకుంటూ,
గీత పెట్టడానికి కళ్ళద్దాలు సర్దుకుని వంగి
పెదాలు ఎలా ముడిచానో ఏమో,

సన్నగా, నిటారుగా
ఒక ఈల.

కాంతిలాల్ సేఠ్ పద్దుల్లోంచి తలెత్తారు.
నా వైపు కాదు, పైకి చూశారు.
"ఫ్యాన్ బేరింగు పోయినట్టుంది" అన్నారు.
కుర్రాడు నిచ్చెన తెచ్చి
పాపం ఏ తప్పూ ఎరగని ఆ ఫ్యానుకి
నూనె వేసి దిగాడు.
నేను పెన్ను మూత పెట్టాను, తీశాను,
మళ్ళీ పెట్టాను.
సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు,
నోరు తెరిస్తే ఎక్కడ జారిపోతుందోనని.

ఇంటికొచ్చి మేడ మీద గురువుగారికి వినిపించబోతే
రాలేదు.
ఆరోసారికి వచ్చింది.
ఒకే ఒక్క స్వరం, పాట అనడానికి లేదు,
ఎదురు పిట్టగోడ మీద పావురం
మెడ ఇటు తిప్పేంత.

ఇన్బా చప్పట్లు కొట్టలేదు.
"నాలుక ఇంకొంచెం కిందకి" అన్నాడు,
ఎంత కిందకో తన నోరు తెరిచి చూపించాడు.
చిగుళ్ళో తెల్లగా,
బియ్యపు నూకంత
కొత్త పన్ను.