పేరు మోత

బ్రాడీపేట నాలుగో లైను, పదో అడ్డరోడ్డు,
జెరాక్సు షాపు పక్కన ఇనప మెట్లెక్కితే నా క్లాసు.
సాయంత్రం ఆరున్నర బ్యాచికి ఏడుగురొస్తారు,
ఫీజు కట్టినవాళ్ళు నలుగురు.
గోడమీద ఫ్లెక్సీలో నేను రినౌన్డ్ ఫ్యాకల్టీని.
ప్రింటరు అందులో ఒక అక్షరం మింగేశాడు,
మూడేళ్ళయింది, ఎవరూ అడగలేదు.

ఇవాళ పాఠం: పేరున్నవాళ్ళని ఏమనాలి.

ఫేమస్ మాకు తెలుసన్నారంతా.
మూడో లైను చివర బజ్జీల బండి ఫేమస్సట.
పాపులర్ అంటే ఎక్కువమందికి తెలియడం కాదురా,
ఎక్కువమంది ఇష్టపడటం.
కరెంటు బిల్లు అందరికీ తెలుసు, పాపులరా?
ఎమినెంట్ అన్నమాట కళ్ళజోడు సర్దుకుని పలకాలి,
బజ్జీల బండికి తగిలిస్తే బండి సిగ్గుపడుతుంది.
సెలబ్రేటెడ్ మెడలో ఎప్పుడూ ఓ దండ,
అది వాడిందా లేదా అన్నది దండ వేసినవాళ్ళకి పట్టదు.

తలకెక్కలేదు.
యార్డు భాషలోకి దిగాను,
ఈ ఊళ్ళో ఏ పాఠానికైనా చివరికి అదే దారి.
తేజా, బాడిగ, ఎండకి తెల్లబారిన తాలు,
దూరాన్నించి అన్నీ మిరపకాయలే.
అరచేతిలో పోసుకుని, ఒకటి తుంచి,
ముక్కు దగ్గర పెట్టుకుంటేగాని ధర చెప్పలేం కదా.
మాటా అంతే.
నొటోరియస్ తాలుకాయ అన్నాను.
పేరుంది, మంచిది కాదు.
ఇన్‌ఫేమస్ దానికి అన్న.

వెనక బెంచీలోంచి నాగుల్‌మీరా లేచాడు.
"ఇన్ అంటే లోపల గదా సార్,
ఇన్‌ఫేమస్ అంటే ఇంట్లో ఫేమస్ అనుకున్నా."
అందరితోపాటు నేనూ నవ్వాను.
ఆ తర్వాత అనిపించింది,
అలాంటి మాట ఒకటి ఉండాల్సిందే,
గడప దాటితే ఎవరికీ తెలియనివాళ్ళ కోసం.

సొంత వాక్యాలు రాయండ్రా అన్నాను.
నాగుల్‌మీరా వాక్యం తెలుగులో చెబితే ఇదీ:
మా అమ్మ మిర్చియార్డులో నొటోరియస్.

ఎర్రపెన్ను తీశాను.
అమ్మ గురించి ఈ మాట వాడకూడదన్నాను.
"తెలుసు సార్.
తొడిమలు తీసే కూలీ కిలోకి రూపాయి కోస్తే
ఎనభైమందిని లేపుకొచ్చి కాటా మీద కూర్చుంది.
పొద్దుగూకేదాకా దిగలేదు.
అప్పట్నించి కొట్లవాళ్ళు
ఆ ఖాసింబీని మాత్రం పిలవొద్దంటారు.
ఆ ఎనభైమందీ పండక్కి మా ఇంటికొస్తారు.
మరి ఏ మాట రాయాలి సార్?"

పెన్నుకి మూత పెట్టాను.
మన తెలుగే నయమనిపించింది ఒక్క క్షణం.
పేరుమోసిన డాక్టరంటాం, పేరుమోసిన దొంగంటాం,
ఇద్దర్నీ ఒకే గోతంలో పెట్టి కుట్టేస్తాం.
మోయడమంటే మోగడమని,
మోత అంటే చప్పుడని మా మాస్టారు చెప్పాడు.
అదే చెప్పాను.

వాళ్ళ నాన్న హమాలీ.
"మోయడమంటే మోయడమే సార్," అన్నాడు వాడు.
"టిక్కీ అయితే లారీలో దించేస్తాడు మా నాన్న.
పేరు ఎక్కడ దించాలి?"

తెలియదన్నాను.

ఏడున్నరకి ముందు బెంచీ తుమ్మింది,
తర్వాత నేను.
కిటికీ దగ్గర పిల్ల చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
అప్పుడు ఇనప మెట్లమీద చెప్పుల చప్పుడు,
ఆ తర్వాత ఆవిడ.
కొంగునిండా కారం ధూళి,
వేళ్ళకి గుడ్డపేలికలు.
"ఫీజు సార్," మడతలు పడ్డ నోట్లు,
లెక్కపెట్టుకోమంది,
నేను లెక్కపెట్టేదాకా గుమ్మంలోంచి కదల్లేదు.
అవును, కాటా మీద కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది.

వాళ్ళు వెళ్ళాక నోటుపుస్తకం బల్లమీదే ఉంది.
ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టలేదు,
ఇంటూ పెట్టలేదు.
లైటార్పేముందు కళ్ళు తుడుచుకున్నాను,
మర్చిపోయి,
నోట్లు లెక్కపెట్టిన చేత్తోనే.