ఎడమది ఒప్పుకుంది

గ్రిమ్స్‌బీ రేవులో చేపలకు పొగబెట్టే షెడ్డులో నా పని.
తెల్లారి ఐదింటికి ఉప్పునీళ్ల తొట్టిలో
హాడక్ ముక్కలు ముంచి ఇనుప చువ్వలకు గుచ్చుతాను.
మోచేతుల దాకా ఉప్పు,
కనుబొమల మీద ఉప్పు.
అందుకే కాబోలు, తొమ్మిదేళ్లూ
అందరూ దాన్నే అనుమానించారు.

"ఉప్పు తగ్గించాలి నువ్వు" అనేది నర్సు లిండ్సే.
"నీ నాలుకే నీ శత్రువు" అన్నాడు మా ఆయన,
మాగాయ జాడీ ఎత్తి అటక మీద పెడుతూ.
చప్పిడి పప్పు. చప్పిడి చారు. రోజుకు నాలుగు మాత్రలు.
అయినా చేతికి పట్టీ బిగిసిన ప్రతిసారీ
నూట డెబ్భై ఎనిమిది.
చాటుగా తింటున్నాననే అనుకునేవాళ్లు.

మొన్న చలికాలంలో, సెలవు మీద వెళ్లినాయన బదులు
డాక్టర్ ఎజియోకు వచ్చింది, మా అమ్మాయి వయసు.
ఉప్పు ఊసే ఎత్తలేదు.
"రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? పిక్కలు పట్టేస్తాయా?"
నాలుగుసార్లు. పట్టేస్తాయి.
అది వయసు కదా అన్నాను.
రక్తంలో పొటాషియం అడుగంటిందంది.

షెఫీల్డ్‌లో గజ్జల దగ్గర సన్నటి గొట్టం పంపి
కుడివైపు రక్తం ఒక సీసాలో, ఎడమవైపుది ఇంకో సీసాలో పట్టారు,
అన్నదమ్ముల్ని వేరువేరు గదుల్లో విచారించినట్టు.
ఎడమది ఒప్పుకుంది.

మూత్రపిండం నెత్తిన టోపీలాంటి గ్రంథి,
అందులో రేగిపండంత గడ్డ, పసుపు రంగుదట.
నేను తిన్న కాస్త ఉప్పునూ
బయటికి పోనివ్వకుండా పట్టుకు కూర్చుంది.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
మరీ అంత పనికిరాదు.

పొట్ట మీద మూడు చిన్న కోతలు.
ఆరో వారం: నూట ఇరవై ఆరు.
లిండ్సే యంత్రాన్ని తట్టి మళ్లీ కొలిచింది.
మాత్రల్లో ఒకటి మిగిలింది, అన్నిట్లోకీ చిన్నది.

మా ఆయన అటకెక్కి జాడీ దించాడు.
ఏమీ అనలేదు.
మూత తీస్తే మాగాయ నల్లగా రాయైపోయి ఉంది.

నౌపడా ఉప్పుమడుల్లో పనిచేసిన మా పిన్ని
రాత్రుళ్లు పిక్కలు పట్టుకుని గడపలో కూర్చునేది.
నలభై ఆరేళ్లకి మాట పడిపోయింది, ఆర్నెల్లకు మనిషి పోయింది.
"ఉప్పే తినేసింది" అన్నారు ఊళ్లో.
ఎజియోకుని అడిగాను.
"చెప్పలేను. ఆవిడ రక్తం ఎవరూ చూడలేదుగా."

ఇవాళ పప్పులో చిటికెడు వేశాను.
ఇంకో చిటికెడు తీసి
వేళ్ల మధ్యే ఉంచుకున్నాను చాలాసేపు.