ఇస్తిరీ బండి

ఆమదాలవలస టేసన్ రోడ్డులో
ఆరేళ్లుగా నా బండి మీద వాల్తున్నాయి
ఆయన తెల్ల సొక్కాలు.
రెండిళ్ల నుంచి వస్తాయి మూటలు.
పెద్దింటి మూటకి కలరా ఉండల వాసన,
రైలుగేటు అవతలింటి మూటకి
మినపొడియాల వాసన.
నానెరగనిదేటి? గుడ్డలు సెప్పని కత లేదు.

మొన్న ఎదుటి పార్టీ కుర్రోలు
మూడు బళ్ల మీద వచ్చీసినారు.
"ఏటి ముత్యాలూ, గేటవతల నుంచి
వారానికెన్ని సొక్కాలు?
ఫోన్లో మొకం సూపించి సెప్పు. ఐదు వేలు."
పెట్టెలో బొగ్గులు ఊదుకున్నాను.
మడతెట్టిన గుడ్డని నడివీధిలో ఇప్పీడం
మా తాత నేర్పనేదు.
ఆ ఇంట్లో కామేశ్వరమ్మకీ ఓటుంది కదేటి,
ఆవిడేమన్నా గోడకంటించిన కాయితమా?

ఐతే ఒకటుంది బాబూ.
కామేశ్వరమ్మ ఒకటో తారీకుకి
లెక్క సెల్లబెట్టీస్తాది.
పెద్దింటి పద్దు మాత్రం నా నోటుబుక్కులో
పోయిన ఎలచ్చన్ల కాడ్నించి అలాగే ఉన్నాది,
మూడువేల నాలుగొందల పదారు.
అడిగితే నవ్వుతాడు,
బుజం మీద సెయ్యేసి
"మనోడివి కదరా" అంటాడు.

ఇది ఆయనింటి యవ్వారమా, ఊరి యవ్వారమా?
నాకు తెలీదు.
మిసను ముందు నిలబడ్డప్పుడు
నాకు గుర్తొచ్చేది గేటవతలి దీపం కాదు,
ఆ నవ్వు.

ఇంతట్లో కబురొచ్చింది,
సాయంత్రం మీటింగుకి పంచె, అర్జంటు.
నీళ్లు సల్లాను. పెట్టె తిప్పాను.
అంచు కత్తిలా రావాల.
వచ్చింది.
ఇంకో ఇరవై రాసుకున్నాను.