వెలుగు విసరని తెలుపు

ఇరవై రెండేళ్లు ఉయూనిలో ఉప్పు తవ్వాను.
ముఖానికి ఉన్ని ముసుగు, కళ్లకు నల్లద్దాలు,
అయినా తెలుపు ఏదో సందున దూరేది.
రాత్రి రెప్ప వేస్తే
లోపల ఇసుక పోసినట్టుండేది.

పార వదిలి సంఘం లెక్కల బల్ల దగ్గర కూర్చున్న నెలకే
డాక్టరమ్మ రెండో మాట చెప్పింది:
"నికనోరా, నీ కళ్లకిక ఎండ పడదు.
వెలిగే తెర కూడా పడదు."

అలా వచ్చింది ఈ మానిటరు.
ఒరూరో సంతలో ఒక సర్వేయరు అమ్ముకుంటుంటే తెచ్చాను,
నాలుగు నెలల జీతం, ఇంకా కొంత బాకీ.
టెయోఫిలో చూసి నవ్వాడు:
"ఇదేం టీవీ? చచ్చిపోయిందే!"
నిజమే. రంగు లేదు, లోపల దీపం లేదు,
బూడిదలో పుల్లతో గీసినట్టు అంకెలు.
మౌస్ కదిపితే బాణం
ముసలి లామాలా ఆగి, ఆలోచించి,
అప్పుడు అడుగేస్తుంది.
పేజీ మారేటప్పుడు ఒక్కసారి మొత్తం నల్లబడి
మళ్లీ తెల్లబడుతుంది,
ఎవరో తుమ్మినట్టు.

కానీ వెలుగు ఎంత పడితే అంత తేటగా కనిపిస్తుంది.
అది తెలిసిన రోజు
వైరు సాగినంత దూరం, వాకిట్లో చూరు కిందికి
బల్లను లాగాను.
పాత తెర పగటిపూట అద్దమైపోయేది,
లెక్క అడిగితే నా ముఖం చూపించేది.
ఇది అలా కాదు.
ఉప్పు తెలుపు కొడుతుంది.
ఈ తెలుపు కొట్టదు,
పడ్డ వెలుగును పడ్డట్టే
ఒళ్లో పెట్టుకు కూర్చుంటుంది.

వాకిట్లో ఒకటే చిక్కు, అందరూ చూస్తారు.
లారీ దిగినవాళ్లు కోకా ఆకు బుగ్గన పెట్టుకుని
నా భుజం మీంచి వంగి
తమ పేరు వెతుక్కున్నారు.
చదువురానివాళ్లు చదువొచ్చినవాళ్ల చేత వెతికించుకున్నారు.
అన్నాళ్లూ ఆ బస్తాల లెక్క
సకరీయాస్ గారి గదిలో ఉండేది,
గడియ వేసి.

ఆగస్టులో ఒక సాయంత్రం, లారీలు వెళ్లాక,
ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు.
"టెయోఫిలో ఖాతా నూట ఎనభై కాదు, నూట అరవై.
తడి ఉప్పు. తరుగు."
ఆ ఉప్పు ఎంత పొడిగా ఉందో
నా చేతులకు తెలుసు.
అయినా నేనే కొట్టాను, రెండు వేళ్లతో.
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాల్సిందే అంటారు.
కొల్చానీలో తిననిది ఎవరు?

ఎనిమిది పోయింది, ఆరు వచ్చింది.
కానీ ఈ తెరకొక జబ్బుంది,
చెరిపినదాన్ని వెంటనే వదలదు.
ఆరు వెనక ఎనిమిది, పలచగా,
తడి పలక ఆరుతుంటే పైకి తేలే పాత రాతలా.
ఆయన చూడలేదు. ఆయనకు దగ్గరివి కనిపించవు.
"సరే" అని టోపీ సర్దుకుని వెళ్లాడు.

మరక పోగొట్టడానికి పక్కనే ఒక బొత్తాం ఉంది.
నొక్కితే తుమ్మి, అన్నీ మరిచిపోతుంది.
నా వేలు దానిమీదే ఉంది.
అప్పుడు కరెంటు పోయింది.

తెర ఆరలేదు.
ఆరడానికి అందులో దీపమేది?
ఆఖరి పేజీ అలాగే నిలిచిపోయింది,
ఆరు, ఆరులో ఎనిమిది.
బొత్తాం నొక్కాను, ఏమీ కాలేదు.
ఇంకోసారి కూడా నొక్కాను. చెప్పకపోతే అబద్ధమవుతుంది.
బల్లను లోపలికి లాగొచ్చు,
మీద దుప్పటి కప్పొచ్చు.
చలి మొదలయ్యేదాకా అక్కడే కూర్చుని
లేచి ఇంటికి పోయాను.

తెల్లారినా కరెంటు రాలేదు.
మొదటి లారీలో టెయోఫిలో దిగాడు.
పగిలిన వేలితో తన వరస మీద నడిచి
ఆ అంకె దగ్గర ఆగాడు.
మురికనుకుని చొక్కా చేతితో తుడిచాడు.
పోలేదు.
ఉమ్మి తడిచేసి మళ్లీ తుడిచాడు.
తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు.

నేను నల్లద్దాలు తీశాను.