ఆరో గుంట

రాత్రి పదకొండు దాటింది టార్టూలో.
నది మీద మంచు పగిలిన చప్పుడు
కిటికీ అద్దం దాకా వచ్చి ఆగిపోతోంది.
పళ్లెంలో ఆరు గుంటలు,
గుంటకో మోతాదు.
మొదటిదాంట్లో ఏ మందూ లేదు,
అందులో వాళ్లు హాయిగా ఉన్నారు.

"కణాలమ్మా, 'అవి' అనాలి" అంటాడు టాల్విక్,
మా ల్యాబు పెద్ద.
సరే, అవి.
కానీ ఎలుకపిల్ల తుంటినరంలోంచి తీసిన ఈ పనివాళ్లని
నాలుగేళ్లుగా నేనే మేపుతున్నాను.
నరం బాగున్నన్నాళ్లూ దాన్ని చుట్టుకుని పడుకుంటారు,
కండెకి నూలులా, చుట్టు మీద చుట్టు.
నరం తెగిందా,
చుట్టు విప్పుకుని లేస్తారు.
చెత్త ఊడుస్తారు, పాత కొవ్వు తినేస్తారు,
ఒకరి వెనక ఒకరు బారులు తీరి
ఇటు, ఇటు రా అని
కొత్త మొలకకి దారి చూపిస్తారు.
రోజుకి ఒక్క మిల్లీమీటరు.
నత్త వింటే నవ్విపోతుంది.

హెల్గి అత్త హాప్సలులో ఉంటుంది.
అత్త కాదు నిజానికి,
మా అమ్మకి అల్లిక నేర్పిన మనిషి.
ఆమె అల్లిన శాలువా
పెళ్లి ఉంగరంలో దూరి
పొగలా అవతలికి వచ్చేది.
రొమ్ములో గడ్డకి ఎనిమిది విడతలు ఎక్కించారు మందు.
గడ్డ కరిగింది.
ఐదో విడతకి వేళ్ల కొసలు వెళ్లిపోయాయి.
మొద్దుబారాయి అనదు,
వెళ్లిపోయాయి అంటుంది,
చెప్పాపెట్టకుండా పోయిన అద్దెకున్నవాళ్ల గురించి అన్నట్టు.

ఇప్పుడు పోగుని కింది పెదవికి ఆనించి చూసుకుంటుంది,
సన్నమా, లావా అని.
గంటపువ్వు మొగ్గ ఒక్కటి లేవాలంటే
ఒకే కంట్లోంచి ఏడు కుట్లు తీయాలి.
ఐదు తీస్తుంది.
ఒక్కోసారి తొమ్మిది.
వేలు పుండైనా
తెల్ల నూలు ఎర్రబడేదాకా తెలియదు.

నాలుగో గుంటలో ఉన్నది ఆ మందే.
నేనే కలిపాను, పదో వంతులో పదో వంతుగా పలచన చేసి.
అక్కడ ఏ నరమూ తెగలేదు.
అయినా చుట్లు విప్పేసుకున్నారు,
ఎవడో ఉత్తినే నిప్పు నిప్పని అరిస్తే
దుప్పట్లు వదిలి వీధిలో పడ్డట్టు.
ఆర్పడానికి మంట లేదు.
మళ్లీ పడుకోవడం ఎలాగో గుర్తులేదు.
మందు చంపి ఉంటే నా లెక్క తేలికయ్యేది.
చచ్చినవాటికి నీలం రంగు పడుతుంది.
వీటికి ఏ రంగు వేయాలి?

ఆరో గుంటలో అదే మందు,
దాంతోపాటు ఒక పాత మాత్ర,
వేరే జబ్బుకి పుట్టి ఎవరికీ పనికిరాక మూల పడిందట.
అక్కడ రెండువందల్లో డెబ్భై మంది
చుట్టు వదలకుండా ఉన్నారు.
నాలుగుసార్లు లెక్కపెట్టాను.
ఒకసారి అరవై ఎనిమిది వచ్చింది.

వరండా అవతలి గదిలో తీయూ పళ్లెం ఉంది.
అందులో గడ్డ కణాలు.
అదే మాత్ర వాటికీ వేసింది, సోమవారం తెరుస్తుంది.
దుప్పటి ఎవరికి కప్పాలో
మాత్రకి తెలుసో లేదో.
తీయూ తాళాలు నా బల్ల మీదే ఉన్నాయి.
నేను వెళ్లలేదు.

"ఏమంటున్నాయి నీ ఎలుకలు?"
ఆదివారం ఫోనులో హెల్గి.
ఏమీ అనడంలేదన్నాను.
డెబ్భై అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది,
టీ తాగి మింగేశాను.
ఆ మందుని మాత్రం నాలుగు తిట్లు తిట్టాను.
"తిట్టకే ఉర్వే, అది లేకపోతే
ఈ ఫోను నీకు మా చెల్లెలు చేసేది,
నల్ల బట్టలు తెచ్చుకోమని."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
తర్వాత పిల్లి ఏదో పడేసిందని పెట్టేసింది.

పోస్టులో మేజోళ్లు పంపింది, బూడిదరంగువి,
లావు సూది, లావు నూలు.
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
ఎడమదాని మడమ దగ్గర మూడు కుట్లు జారిపోయి
చిన్న కిటికీ తెరుచుకుంది.
ఈ రాత్రి అవే వేసుకున్నాను.
బూట్లు విప్పి ఆరో గుంట ముందు నిలబడితే
ఆ మూడు కుట్లంత మేరా
నేల చల్లగా తగులుతోంది.