తక్‌పట్టీల వెనుక

ఎనుమాముల మార్కెట్ల బాపు పత్తి అమ్మిన
తక్‌పట్టీలన్నీ నా దగ్గరే ఉన్నయి.
ముందు దిక్కు తూకం, తరుగు, హమాలీ, దడ్వాయి.
వెనుక ఖాళీ.

హన్మకొండ హాస్టల్ల లైట్లు బందైనంక
ఫోన్ వెలుగుల
చీటీకి మూడు మాటలు రాసుకుంట.
పొద్దుగాల బస్సుల నిలబడి
నోట్లె నానేసుకుంట.

‘మిటిగేట్’ మూడు రోజులు
పంటికింద రాయోలె ఉండె.
‘నెవర్‌దిలెస్’ మాత్రం మా అవ్వదే అనిపించింది.
అందరి మాటలు విని, కొంగు దులుపుకొని
“అయినా గానీ తియ్యి” అని లేస్తది సూడు,
గంతే.

‘యీల్డ్’ ఎన్నడూ రాసుకోలే.
ఎరుకున్న మాటే గదా,
ఎకరానికి ఇన్ని క్వింటాళ్లని.
నిన్న చదివే వ్యాసంల ఆ అర్థం అతకలే.
డిక్షనరీ తెరిస్తే
కింద ఇంకోటుంది:
లొంగిపోవుడు.

చేతిలున్న చీటీ తిప్పి చూసిన.
ఎనిమిది క్వింటాళ్లు.
తేమ ఎక్కువుందని
ధర మీద అడ్డంగ కొట్టేసిన గీత.
పక్కన ఇంకో ధర.
దాని కింద బాపు సంతకం,
వంకర్లు లేకుంట, గుండ్రంగ.
పలక మీద దిద్దించింది నేనే.

మూడు మాటలు పట్టే చీటీ.
ఒక్కటే రాసిన.